నిత్యలేఖనానికి ఫౌంటెన్ పెన్ సిరా ఎంపిక: కలం క్షేమం, అక్షర మన్నిక

వ్యాససంగ్రహం

ఫౌంటెన్ పెన్నుతో నిత్యం రాసేవారు సాధారణంగా రంగును, ధరను చూసి సిరాను ఎంచుకుంటారు. నిజానికి ఎంపికను నిర్ణయించవలసిన గుణం మరొకటి ఉంది. సిరా నీటిలో ఎంత సులభంగా కరిగితే కలానికి అంత మేలు, కాగితం మీది అక్షరానికి అంత ప్రమాదం. ఒకే గుణం కలానికి రక్షణగానూ రాతకు శత్రువుగానూ పనిచేసే ఈ స్థితిని ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగునాట మసి, కరక్కాయ సిరాల సంప్రదాయాన్ని, స్వదేశీ ఉద్యమకాలంలో కలం, సిరాల తయారీని ప్రస్తావించి, నేటి సిరాల్లోని మూడు ప్రధాన రకాల పనితీరును పరిశీలిస్తుంది. తెలుగు లిపి స్వభావం, నోటుపుస్తకాల కాగితం, వరంగల్ ప్రాంతపు వాతావరణం ఎంపికను ప్రభావితం చేసే తీరును చర్చిస్తుంది. రాత ఎంతకాలం నిలవాలన్న ప్రశ్నే సిరా ఎంపికకు తొలిమెట్టు కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సిరా, ఫౌంటెన్ పెన్, కరక్కాయ, అన్నభేది, రంజకద్రవ్యం, వర్ణకం, తెలుగు లిపి, ప్రామిసరీ నోటు, ధర్మసాగర్.

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ధర్మసాగర్, నేడు హనుమకొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. వరంగల్ నగరానికి తాగునీరు అందించే జలాశయం ఇక్కడ ఉంది. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు ఇక్కడికి చేరుతుంది. ఏ మండల కేంద్రంలోనైనా ఉన్నట్లే ఇక్కడి నిత్యజీవితంలోనూ చేతిరాతకు అనేక రూపాలు ఉన్నాయి. విద్యార్థి రాసుకునే నోట్సు, ఉపాధ్యాయుని పాఠ్యప్రణాళిక, కార్యాలయానికి ఇచ్చే దరఖాస్తు, దుకాణంలోని ఖాతా, బ్యాంకు చెక్కు, ఇరుగుపొరుగుల మధ్య అప్పుకు సాక్ష్యంగా నిలిచే ప్రామిసరీ నోటు వాటిలో కొన్ని.

ఇవన్నీ ఒకే కలంతో, ఒకే సిరాతో రాయదగినవే. కాని వీటి ఆయుష్షు ఒక్కటి కాదు. పరీక్ష ముగిసిన తరువాత నోట్సుతో పెద్దగా పని ఉండదు. అప్పుపత్రంలోని ఒక అంకె చెరిగిపోతే మాత్రం ఒక కుటుంబం నష్టపోవచ్చు. కనుక ఏ సిరా మంచిదన్న ప్రశ్నకు ముందు, ఈ రాత ఎంతకాలం, ఎటువంటి పరిస్థితుల్లో నిలవాలన్న ప్రశ్న వేసుకోవాలి. ఈ వ్యాసం ఆ క్రమంలోనే సాగుతుంది.

2. తెలుగునాట సిరా: తాళపత్రం నుండి స్వదేశీ సిరా వరకు

2.1 తాళపత్ర లేఖనం

తాటాకు మీద గంటంతో రాసే పద్ధతిలో అక్షరం నిజానికి ఒక గీత. గంటం మొన ఆకును చీల్చుతూ పోతుంది. ఆ తరువాత ఆకుపై మసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి పూసి తుడిస్తే, మసి గీతల్లో నిలిచి అక్షరాలు కనబడతాయి. మసి పోయినా అక్షరం పోదు. మళ్లీ మసి పూస్తే మళ్లీ కనబడుతుంది. తాళపత్రానికి ముప్పు సిరావల్ల కాక, ఆకు శిథిలం కావడంవల్ల, పురుగు పట్టడంవల్ల కలిగేది.

ఈ ముప్పు ఎంతటిదో ఉమ్మడి వరంగల్ ప్రాంతానికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. నేటి జనగామ జిల్లాలోని బమ్మెరతో ముడిపడిన పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలం కాగా వాటిని గంగన, సింగన, నారయ పూరించారని సాహిత్యచరిత్ర చెబుతుంది. గ్రంథం ఎంత గొప్పదైనా దాన్ని మోసే వస్తువు బలహీనమైతే నష్టం తప్పదని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది.

2.2 కాగితం, మసి, కరక్కాయ

కాగితం మీది రాతలో స్థితి మారిపోయింది. ఇక్కడ అక్షరం గీత కాదు, పూత. సిరా పోతే అక్షరమే పోతుంది. అందువల్ల కాగితం వాడుకలోకి వచ్చినప్పటినుండి సిరా నాణ్యత లేఖకులకు ప్రధాన విషయమైంది.

సంప్రదాయ సిరాల్లో రెండు వంశాలు కనిపిస్తాయి. మొదటిది దీపపు మసిని తుమ్మబంక నీటితో నూరి తయారుచేసేది. మసి, మషి అనే మాటలు సిరాకు కూడా వర్తించడం, సిరా పాత్రకు మసిబుర్ర అనే పేరు ఉండడం ఈ వంశపు ప్రాచీనతకు గుర్తులు. రెండవది కరక్కాయ కషాయంలో అన్నభేదిని కలిపి చేసేది. కరక్కాయలో టానిన్లు సమృద్ధిగా ఉంటాయి. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. ఈ రెండూ కలిసినప్పుడు ఏర్పడే నలుపు కాగితపు పోగుల్లోనే స్థిరపడుతుంది. ఐరోపాలో ఇదే పనికి ఓక్ చెట్ల మీద ఏర్పడే మాచికాయలను వాడేవారు. ద్రవ్యం వేరైనా రసాయన సూత్రం ఒక్కటే. నేటి ఫౌంటెన్ పెన్ సిరాల రకాలను అర్థం చేసుకోవడానికి ఈ రెండు వంశాలు ఇప్పటికీ ఉపయోగపడతాయి.

2.3 స్వదేశీ కలం, స్వదేశీ సిరా

తెలుగునాట ఫౌంటెన్ పెన్ చరిత్రలో రాజమహేంద్రవరానికి ప్రత్యేక స్థానం ఉంది. స్వర్ణకార వృత్తినుండి వచ్చిన కె.వి. రత్నం, గాంధీజీ స్వదేశీ పిలుపు ప్రేరణతో 1930వ దశకం తొలినాళ్లలో అక్కడ కలాల తయారీ చేపట్టారు. ఆ కలాన్ని వాడి చూసిన గాంధీజీ, అది విదేశీ కలాలకు ప్రత్యామ్నాయం కాగలదని మెచ్చుకొంటూ 1935లో లేఖ రాశారు. ఎబొనైటు కడ్డీని తరణి పట్టి చేసే ఈ కలాల్లో రబ్బరు సంచీ గాని పంపు గాని ఉండదు. మర విప్పి, ఫిల్లరుతో నేరుగా కలం గొట్టంలోకే సిరా పోస్తారు.

కలం స్వదేశీ అయినంత మాత్రాన చాలదు, అందులో పోసే సిరా కూడా స్వదేశీ కావాలన్న ఆలోచన అదే కాలంలో బలపడింది. ముంబయిలో 1931లో ప్రారంభమైన దండేకర్ సంస్థ, తరువాత కామ్లిన్‌గా ప్రసిద్ధమైనది, మొదట గుర్రం గుర్తు సిరాపొడి, సిరాబిళ్లలు తయారుచేసింది. బెంగాల్‌లోని రాజ్‌షాహీలో 1934లో మైత్ర సోదరులు సులేఖ సిరాను ప్రారంభించారు. దాని వెనుక కూడా గాంధీజీ ప్రోత్సాహం, రసాయనవేత్త సతీశ్‌చంద్ర దాస్‌గుప్తా కృషి ఉన్నాయి. రాజమహేంద్రవరం కలాన్నీ ఈ సిరాలనూ కలిపి చూస్తే, నిత్యలేఖనం ఆనాడు ఆర్థిక స్వావలంబనలో భాగంగా పరిగణన పొందిందని తెలుస్తుంది.

3. సిరా కలంలో ప్రవహించే తీరు

ఫౌంటెన్ పెన్ సిరాలో అత్యధిక భాగం నీరే. మిగిలినది రంగునిచ్చే పదార్థం, త్వరగా ఆరిపోకుండా కాపాడే గ్లిజరిన్ వంటి ద్రవ్యం, తలతన్యతను సరిదిద్దే పదార్థం, బూజు పట్టకుండా చేసే పదార్థం.

పాళీ నడుమ సన్నని చీలిక, దాని కింద నాలుక ఉంటాయి. నాలుకలోని సన్నని కాలువల గుండా కేశనాళికీయత వల్ల సిరా పాళీ మొనకు చేరుతుంది. ఎంత సిరా దిగితే అంత గాలి లోపలికి వెళ్లాలి. ఈ రెండింటి సమతూకం చెడితే రాత తెగిపోతుంది, లేదా సిరా బొట్టుగా జారుతుంది. తలతన్యత ఎక్కువైన సిరా పొదుపుగా, ఒక్కోసారి గీతలు తెగేట్టుగా ప్రవహిస్తుంది. తలతన్యత మరీ తక్కువైనది ధారాళంగా దిగి కాగితంపై పాకుతుంది. స్నిగ్ధత కూడా ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల ఒకే సిరా ఒక కలంలో చక్కగా, మరొక కలంలో పేలవంగా రాయడం సహజం. తప్పు సిరాదో కలానిదో కాకపోవచ్చు, ఆ రెండింటి జోడీ కుదరకపోవచ్చు.

కలం గొట్టంలోకే సిరా పోసే ఎబొనైటు కలాల విషయంలో మరొక అంశం ఉంది. వీటిలో మిల్లీలీటరుకు మించి, తరచుగా రెండు మూడు మిల్లీలీటర్ల సిరా పడుతుంది. సిరా అడుగంటేకొద్దీ లోపలి గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. పాళీనుండి హఠాత్తుగా బొట్టు పడడానికి ఇదే కారణం. మూడోవంతు సిరా మిగిలి ఉండగానే మళ్లీ నింపుకోవడం, అతిగా జారని సిరాను ఎంచుకోవడం దీనికి పరిష్కారం.

4. నేటి సిరాల్లో మూడు రకాలు

4.1 రంజకద్రవ్య సిరాలు

సాధారణ దుకాణాల్లో దొరికే రాయల్ బ్లూ, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా సిరాలు ఎక్కువగా ఈ రకానివే. వీటిలో కృత్రిమ రంజకద్రవ్యం నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. అది ద్రావణం కనుక అడుగున పేరుకునే రేణువులు ఉండవు. కలంలో ఎండిపోయినా నీటితో కడిగితే మళ్లీ కరుగుతుంది. కలానికి ఇంత సౌమ్యమైన సిరా మరొకటి లేదు.

అయితే కాగితం మీద కూడా అదే గుణం కొనసాగుతుంది. వానచినుకు పడితే అక్షరం కరిగి మరకగా మారుతుంది. ఎండ తగిలే చోట నెలల వ్యవధిలో వెలిసిపోవచ్చు. రాయల్ బ్లూ సిరాను రసాయన ద్రవాలతో సులభంగా చెరిపివేయవచ్చు. విద్యార్థులు తప్పులు దిద్దుకోవడానికి తోడ్పడే సిరా తుడుపుకలాలు ఈ బలహీనతపైనే ఆధారపడి ఉన్నాయి. దిద్దుబాటుకు సౌకర్యమైన ఈ గుణమే చెక్కు మీద మోసానికి అవకాశమిస్తుంది.

సీసా మీద శాశ్వతమైనదన్న అర్థమిచ్చే మాట కనిపించినంత మాత్రాన ఆ సిరా నీటికి పూర్తిగా తట్టుకుంటుందని భావించరాదు. ఆ మాట సాపేక్షం. కడిగితే పోయే రకాలతో పోలిస్తే మెరుగైనదని మాత్రమే దాని భావం కావచ్చు.

4.2 ఇనుము, టానిన్ సిరాలు

కరక్కాయ, అన్నభేది వంశానికి ఆధునిక వారసులు ఇవి. సాధారణంగా నీలినలుపు రంగులో లభిస్తాయి. సీసాలో ఉన్నప్పుడు ఇనుము ఫెర్రస్ రూపంలో, ఆమ్లం సహాయంతో కరిగి ఉంటుంది. ఆ స్థితిలో దానికి రంగు చాలా తక్కువ. రాసే వేళ అక్షరం కనబడేందుకు నీలి రంజకద్రవ్యాన్ని కలుపుతారు. కాగితంపై గాలి తగలగానే ఇనుము ఆక్సీకరణం చెంది ఫెర్రిక్ రూపంలోకి మారుతుంది. అప్పుడు ఏర్పడే నల్లని పదార్థం నీటిలో కరగదు. రాసినప్పుడు లేతనీలంగా ఉన్న అక్షరం గంటల వ్యవధిలో ముదురు నలుపుకు తిరగడం ఈ సిరా ప్రత్యేకత. నీటిలో తడిస్తే నీలి రంజకం కొట్టుకుపోయినా నల్లని అక్షరం మిగిలే ఉంటుంది.

ఈ రసాయన చర్య కాగితం మీద కాక కలంలో జరిగితే చిక్కు. కలంలో సిరా ఎండితే కరగని పదార్థం నాలుక కాలువల్లో పేరుకుంటుంది. ఆమ్లగుణం వల్ల తక్కువరకం ఉక్కు పాళీ కాలక్రమంలో తినివేయబడవచ్చు. బంగారు పాళీకి ఈ బాధ లేదు. ఇనుము మోతాదు అధికంగా ఉన్న పాత సిరాలు కాగితాన్ని కూడా పెళుసుబార్చి చిల్లులు చేసిన సందర్భాలు గ్రంథాలయాల్లో అనేకం. అందుకే ఫౌంటెన్ పెన్నుకు ఉద్దేశించిన సిరాల్లో ఇనుమును పరిమితంగా ఉంచుతారు. భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 220 ఈ కోవ సిరాకు 0.1 శాతం ఇనుమును నిర్దేశిస్తుంది. రంజకద్రవ్య సిరాలకు ఐఎస్ 1221 అనే వేరే ప్రమాణం ఉంది. వీటికి వేర్వేరు ప్రమాణాలు ఉండడమే ఇవి స్వభావరీత్యా భిన్నమైనవని సూచిస్తుంది.

4.3 వర్ణక సిరాలు

మసి సిరా వంశానికి ఇవి వారసులు. ఇందులో రంగు కరిగి ఉండదు. అతిసూక్ష్మ రేణువుల రూపంలో నీటిలో తేలియాడుతూ ఉంటుంది. నలుపు రకంలో ఆ రేణువు కర్బనమే. కర్బనానికి నీరు, ఎండ, సాధారణ రసాయనాలు హాని చేయలేవు. అందుచేత అక్షర మన్నికలో దీన్ని మించినది లేదు.

కలం విషయంలో ఇది అత్యంత జాగ్రత్త కోరుతుంది. ఒకసారి ఎండిన రేణువులు మామూలు నీటికి తిరిగి చెదరవు. మూత గట్టిగా బిగుసుకోని కలంలో, వారాల తరబడి వాడని కలంలో వీటిని పోయరాదు. చిత్రకారులు వాడే లక్కతో కూడిన డ్రాయింగు ఇంకు కూడా కర్బనంతోనే తయారైనా, అది అసలు ఫౌంటెన్ పెన్నుకు ఉద్దేశించినది కాదు. అందులోని లక్క నాలుకను శాశ్వతంగా మూసివేస్తుంది. పేరులో ఇంకు ఉన్నంత మాత్రాన కలంలో పోయదగినది కాదన్న వివేకం ఇక్కడ అవసరం.

5. తెలుగు లిపి, కాగితం

సిరా గురించి లభించే సమాచారంలో అధికభాగం రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకున్నది. తెలుగు అక్షరాల స్వభావం వేరు. తెలుగు రాత వంపులతో, సున్నలతో, చిన్న చిన్న మడతలతో సాగుతుంది. పాళీ మలుపు తిరిగే చోట వేగం తగ్గి సిరా ఎక్కువగా దిగుతుంది. ధారాళమైన సిరా, మొద్దు పాళీ, పలుచని కాగితం మూడూ కలిస్తే ఆ మడతలు పూడిపోతాయి.

అంతకంటె ముఖ్యమైనది అర్థభేదం. తెలుగులో కొన్ని అక్షరాలకు భేదం ఒక చిన్న గీత, ఒక చుక్క మాత్రమే. ద, ధ, థ అనే మూడింటినీ వేరుచేసేవి అడుగున ఉండే గీత, నడుమ ఉండే చుక్క. ప, ఫల మధ్య, బ, భల మధ్య, డ, ఢల మధ్య తేడా కూడా అటువంటిదే. ధర్మసాగర్ అన్న పేరులోని తొలి అక్షరమే ఇందుకు ఉదాహరణ. సిరా పాకితే దార, ధార కలిసిపోతాయి. పలం, ఫలం ఒకటిగా కనబడతాయి. కద, కథ అవుతుంది. వాక్యసందర్భం ఉన్నచోట పాఠకుడు సరిదిద్దుకోగలడు. ఇంటిపేరు, ఊరిపేరు రాసిన చోట ఆ సందర్భం తోడు రాదు. ఒత్తులను పంక్తి కింద చిన్నగా రాయవలసి రావడం మరొక కారణం. కనుక తెలుగు రాతకు సన్నని పాళీ, పాకని సిరా మేలైన జోడీ.

కాగితం పాత్రను విడిగా చూడాలి. మామూలు నోటుపుస్తకపు కాగితం పలుచగా, తగినంత గంజిపూత లేకుండా ఉండవచ్చు. అటువంటి కాగితంలో పోగులు సిరాను పీల్చుకొని మూడు ఇబ్బందులు కలిగిస్తాయి. అక్షరపు అంచులు పీచులుగా పాకడం మొదటిది. సిరా వెనుకపుటకు దిగడం రెండవది. దిగకపోయినా వెనుకనుండి నీడగా కనబడడం మూడవది. మొదటి రెండూ సిరా మార్చడంవల్ల తగ్గుతాయి. మూడవది కాగితం పలుచదనం కనుక సిరా ఎంతో కొంత లేతగా ఉండడం తప్ప వేరే మార్గం లేదు. ఇనుము సిరాలు సాధారణంగా పొదుపుగా దిగి, నాసిరకం కాగితంపై కూడా అంచులు తీరుగా నిలుపుతాయి. ఖరీదైన కాగితం కొనే స్తోమత లేని విద్యార్థికి ఇది గమనించదగిన ప్రయోజనం.

6. వాతావరణం, నీరు

వరంగల్ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. గాలి పొడిగా ఉంటుంది. ఆ కాలంలో మూత తీసి ఉంచిన పాళీ త్వరగా ఆరిపోతుంది. సీసాలోని సిరా నీరు కోల్పోయి చిక్కబడుతుంది. ఎండలో నిలిపిన వాహనంలోనో కిటికీ పక్కనో ఉంచిన కలంలో గాలి వ్యాకోచించి సిరా కక్కుతుంది. వర్ణక సిరాలకు ఇది కష్టకాలం. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలో పరిస్థితి తారుమారవుతుంది. తేమవల్ల రాత ఆలస్యంగా ఆరుతుంది, కాగితం మెత్తబడి సిరా ఎక్కువగా పాకుతుంది. సంచీలో తడిసిన పుస్తకం, చెమటచేతి కింద నలిగిన దరఖాస్తు రంజకద్రవ్య సిరాకు పరీక్షగా మారతాయి. వేసవి కలాన్ని పరీక్షిస్తే, వానాకాలం అక్షరాన్ని పరీక్షిస్తుందని చెప్పవచ్చు.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. బోరుబావి నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండవచ్చు. వాటివల్ల నాలుకలో తెల్లని పొర పేరుకుంటుంది, కొన్ని రంజకద్రవ్యాలు అవక్షేపంగా విడిపోతాయి. కలాన్ని మామూలు చల్లని నీటితో కడిగినా చివరి కడుగుకు శుద్ధజలం వాడడం మంచిది. చిక్కబడిన సిరాను పలుచబరచాలంటే శుద్ధజలాన్నే కొన్ని బొట్లు కలపాలి. వేడినీరు ఎబొనైటు రంగును చెడగొడుతుంది. రెండు వేర్వేరు సిరాలను కలపరాదు. ఒకటి ఆమ్లగుణంతో, మరొకటి క్షారగుణంతో ఉంటే కలిసినప్పుడు గడ్డలు కట్టవచ్చు. సీసాలో బూజు తేలితే, దుర్వాసన వస్తే ఆ సిరాను వదులుకోవడమే మేలు. దాన్ని కలంలో పోస్తే కలం కూడా కలుషితమవుతుంది.

7. రాత ఆయుష్షును బట్టి ఎంపిక

పై చర్చను నిత్యజీవితంలోని రాతలకు అన్వయిస్తే ఎంపిక సులభమవుతుంది.

7.1 అల్పకాలిక రాతలు: విద్యార్థి అభ్యాసం, చిత్తుప్రతి, రోజువారీ జాబితా ఈ కోవకు చెందుతాయి. వీటికి రాయల్ బ్లూ వంటి రంజకద్రవ్య సిరా చాలు. కొత్తగా ఫౌంటెన్ పెన్ పట్టుకొనే పిల్లలకు ఇదే తగినది. బట్టల మీద పడినా ఉతుకుతో చాలావరకు పోతుంది, కలం కడగడం నేర్చుకోవడానికి అనువుగా ఉంటుంది.

7.2 పరీక్షలు, కార్యాలయ రాతలు: వీటిలో రంగుకు కూడా నియమం ఉంటుంది. పరీక్షల్లో నీలం, నలుపు సిరాలనే వాడమనడం పరిపాటి. కేంద్ర సచివాలయ కార్యాలయ విధానంలో సాధారణ వాడుకకు నీలం, నలుపు నిర్దేశించి, ఆకుపచ్చ, ఎరుపు సిరాలను సంయుక్త కార్యదర్శి, ఆపై స్థాయి అధికారులకు, అదీ అరుదైన సందర్భాలకు పరిమితం చేశారు. రంగు ఇక్కడ హోదాకు, బాధ్యతకు సంకేతం. దస్త్రాల్లో చేరే రాతకు ముదురు నలుపు లేదా నీలినలుపు మేలు.

7.3 చెక్కులు: చెక్కుల చెల్లింపు నేడు వాటి ప్రతిబింబాన్ని పంపే విధానంలో జరుగుతుంది. ప్రతిబింబంలో స్పష్టంగా కనబడే సిరాలు వాడాలని రిజర్వు బ్యాంకు సూచించింది. లేత రంగులు ఇక్కడ పనికిరావు. ముదురుగా కనబడినా సులభంగా చెరిగిపోయే సిరా అంతకంటె ప్రమాదకరం.

7.4 అప్పుపత్రాలు: అడిగిన వెంటనే చెల్లించవలసిన ప్రామిసరీ నోటుపై దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం గడువు మూడు సంవత్సరాలు. గడువు లోపల బాకీదారు కొంత చెల్లించి, ఆ చెల్లింపును తన చేతిరాతతో నమోదు చేసినా, నమోదు కింద సంతకం చేసినా అక్కడినుండి గడువు కొత్తగా లెక్కకు వస్తుంది. తెలుగునాట దీన్ని చెల్లు రాయడం అంటారు. చెల్లు సాధారణంగా నోటు వెనుకభాగంలోనే రాస్తారు. ముందుభాగం రాత సిరా దిగి వెనుకపుటను మరకలు చేస్తే చెల్లుకు చోటు ఉండదు, రాసినా చదవడానికి వీలు కాదు. కనుక ఈ పత్రానికి మూడు గుణాలు కావాలి. నీటికి నిలవాలి, చెరపడానికి లొంగరాదు, వెనుకకు దిగరాదు. ఇనుము సిరా ఈ మూడింటినీ చాలావరకు తీరుస్తుంది. వర్ణక నలుపు కూడా తగినదే.

7.5 దీర్ఘకాలిక రాతలు: కుటుంబ దినచర్య, వంశవృక్షం, ఊరి చరిత్రకు సంబంధించిన నమోదులు, పరిశోధకుల క్షేత్రపర్యటన పుస్తకాలు ఈ కోవలోనివి. వీటికి వర్ణక నలుపు సిరా శ్రేష్ఠం. కలం నిత్యం వాడుకలో ఉండాలి, రెండు వారాలకు ఒకసారి కడగాలి. ఆ ఓపిక లేనివారు ఇనుము సిరాను ఎంచుకొని నెలకు ఒకసారి కలం కడిగితే సరిపోతుంది.

ఒకే కలం, ఒకే సీసాతో అన్ని పనులూ నెరవేర్చుకోవలసిన వారికి పరిమిత ఇనుముతో చేసిన నీలినలుపు సిరా మధ్యేమార్గం. రెండు కలాలు ఉంచుకోగలవారు ఒకదానిలో రాయల్ బ్లూ, మరొకదానిలో నిలిచే సిరా ఉంచుకుంటే, మొదటిది చిత్తుకు, రెండవది సంతకానికి ఉపయోగపడుతుంది.

8. ఎవరికి వారు చేసుకోదగిన పరీక్షలు

సీసా మీది మాటలకంటె స్వయంగా చేసే పరీక్ష నమ్మదగినది. దీనికి ప్రయోగశాల అవసరం లేదు. నిత్యం వాడే కలం, నిత్యం వాడే కాగితం తీసుకోవాలి. పరీక్ష వాక్యంలో ధ, థ, ఫ, భ, ఠ వంటి అక్షరాలు, రెండు మూడు ఒత్తులు ఉండాలి.

ఆరుదల పరీక్ష: ఒకే మాటను వరుసగా రాసి, ఐదు, పది, ఇరవై సెకన్ల తరువాత వేలితో తుడిచి చూడాలి. ఎడమచేతితో రాసేవారికి, అద్దుడు కాగితం వాడనివారికి ఇది ముఖ్యం.

నీటి పరీక్ష: రాసిన కాగితాన్ని ఒక రోజు ఆరనిచ్చి, సగభాగాన్ని నిమిషంపాటు నీటి ధార కింద ఉంచాలి. ఆరిన తరువాత తడిసిన భాగం చదవగలిగితే ఆ సిరా పత్రాలకు పనికివస్తుంది. ఇనుము సిరాను రాసిన వెంటనే పరీక్షిస్తే న్యాయం జరగదు, ఆక్సీకరణానికి వ్యవధి ఇవ్వాలి.

ఎండ పరీక్ష: రాతలో సగాన్ని నల్లకాగితంతో కప్పి, కిటికీ దగ్గర రెండు మూడు వారాలు ఉంచాలి. కప్పిన భాగానికీ కప్పని భాగానికీ తేడా సిరా నిలకడను చెబుతుంది.

వెనుకపుట పరీక్ష: కాగితం తిప్పి, అదే చోట మళ్లీ రాసి చదవాలి. ప్రామిసరీ నోటుకు వాడదలచిన సిరాకు ఇది తప్పనిసరి.

కలం పరీక్ష: మూత తీసి ఐదు నిమిషాలు ఉంచి రాయాలి. తరువాత మూత పెట్టి మూడు రోజులు ఉంచి రాయాలి. రెండుసార్లూ తొలిగీతలోనే అక్షరం పడితే కలానికి, సిరాకు జోడీ కుదిరినట్లు.

9. ముగింపు

ఈ చర్చనుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. నీటిలో కరిగే గుణం కలానికి మేలు చేస్తుంది, అక్షరానికి కీడు చేస్తుంది. సిరా ఎంపిక అంటే ఈ రెండింటిలో దేనికి ఎంత ప్రాధాన్యమివ్వాలో నిర్ణయించుకోవడం.

2. కరక్కాయ సిరా, మసి సిరా గతించిన విషయాలు కావు. వాటి రసాయన సూత్రాలు నేటి నీలినలుపు, వర్ణక సిరాల్లో కొనసాగుతున్నాయి.

3. తెలుగు లిపిలో గీత, చుక్క అర్థాన్ని మార్చగలవు. కనుక పాకని సిరా, సన్నని పాళీ తెలుగు రాతకు స్పష్టతనిస్తాయి.

4. వేసవి, వానాకాలాల మధ్య తేడా ఎక్కువగా ఉన్న వరంగల్ వంటి ప్రాంతంలో కలానికి, రాతకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు జాగ్రత్తలు అవసరం.

5. అప్పుపత్రం, చెక్కు, దస్త్రం వంటి రాతల్లో సిరా ఎంపిక కేవలం అభిరుచి కాదు. అది హక్కుల రక్షణకు సంబంధించినది.

నిలిచే సిరా పోసిన కలాన్ని తరచుగా కడగవలసి వస్తుంది. తేలికగా కరిగే సిరాతో ఆ శ్రమ తప్పుతుంది గాని, తడిసిన పత్రంలోని అక్షరాన్ని తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు. ధర్మసాగర్‌లో రాసినా, మరెక్కడ రాసినా, దాచుకోవలసిన కాగితం మీద కలం పెట్టేముందు ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం.